గడుల పటంలో అడ్డంకులు, దారి వెతికే అల్గారిథమ్‌లు: తరచుగా అడిగే ప్రశ్నలు

గడులుగా విభజించిన పటంలో ఒక చోటి నుంచి మరో చోటికి దారి వెతికే ప్రోగ్రామ్ రాయడం మొదలుపెట్టిన వారికి తొలి రెండు మూడు రోజులు అల్గారిథమ్ అర్థం చేసుకోవడంలో గడుస్తాయి. ఆ తరువాతి రోజులన్నీ అడ్డంకులతోనే గడుస్తాయి. ఈ పుటలోని ప్రశ్నలు చాలావరకు ఆ రెండో దశలో పుట్టేవే.

అల్గారిథమ్‌కు అడ్డంకి ఎలా కనిపిస్తుంది?

అసలు కనిపించదు. తెరమీద మనకు గోడ కనిపిస్తుంది కాబట్టి అల్గారిథమ్ కూడా దాన్ని చూసి, దాని చుట్టూ తిరిగి వెళ్లే ఆలోచన చేస్తుందని అనుకోవడం సహజమే కానీ, లోపల జరిగేది అది కాదు. వెతికే భాగానికి తెలిసినవి రెండే సంగతులు: ఇప్పుడున్న గడి నుంచి ఏయే గడులకు వెళ్లవచ్చు, ఒక్కొక్క దానికి వెళ్లడానికి ఖర్చు ఎంత. గోడ ఉన్న గడి ఆ జాబితాలో ఉండదు, అంతే. గ్రాఫ్ సిద్ధాంతం భాషలో చెప్పాలంటే ప్రతి ఖాళీ గడి ఒక శీర్షం, పక్కపక్కన ఉన్న రెండు ఖాళీ గడుల మధ్య ఒక అంచు ఉంటుంది. అడ్డంకి అనేది గ్రాఫ్‌లో ఉన్న వస్తువు కాదు, గ్రాఫ్‌లో లేని అంచులకు మనం పెట్టుకున్న పేరు.

ఇది మాటల గారడీ కాదు, పనికొచ్చే విషయం. దారి గోడలోంచి దూసుకుపోతోందంటే వెతికే భాగంలో తప్పు వెతకడం వృథా. పొరుగు గడుల జాబితా తయారుచేసే పది పదిహేను పంక్తుల్లోనే తప్పు ఉంటుంది. కింద వచ్చే సమాధానాల్లో సగానికి పైగా తిరిగి తిరిగి ఆ పంక్తుల దగ్గరికే చేరుకుంటాయి.

ఒక చిన్న ఉదాహరణతో చూపించగలరా?

అయిదు అడ్డు వరుసలు, ఏడు నిలువు వరుసలు ఉన్న పటాన్ని ఊహించుకోండి. మొత్తం 35 గడులు. బయలుదేరే చోటు మూడో అడ్డు వరుసలో మొదటి గడి, చేరవలసిన చోటు అదే వరుసలో చివరిదైన ఏడో గడి. నాలుగో నిలువు వరుసలో 2, 3, 4 అడ్డు వరుసల గడులు గోడ. కదలిక నాలుగు దిక్కులకే, ఒక్కో అడుగుకు ఖర్చు 1.

ఏ స్టార్ అల్గారిథమ్ ప్రతి గడికీ రెండు సంఖ్యలు కలిపి చూస్తుంది: అప్పటివరకు అయిన ఖర్చు, ఇంకా అయ్యే ఖర్చు మీద అంచనా. అంచనాకు అడ్డంకుల సంగతి తెలియదు, కాబట్టి బయలుదేరే చోట మొత్తం 6 అని వస్తుంది. రెండో గడిలో 1 కి 5 కలిపి 6, మూడో గడిలో 2 కి 4 కలిపి 6. ఇంతవరకు అంతా నేరుగా సాగింది. మూడో గడి దగ్గర కుడివైపు పొరుగు లేదు. మొత్తం 6 ఉన్న గడులు అయిపోయాయి కనుక ఇప్పుడు 8 ఉన్నవి బయటికి వస్తాయి: పైకో కిందికో ఒక అడుగు వేసిన గడులు. అక్కడా గోడే అడ్డు. ఆ తరువాత 10 ఉన్నవి వస్తాయి, అంటే ఒకటో వరుస, అయిదో వరుస. అక్కడ గోడ లేదు కాబట్టి దారి దొరుకుతుంది, పొడవు 10.

మొత్తం 6, 8, 10 అని రెండేసి పెరగడం గమనించదగ్గది. గమ్యానికి దూరంగా వేసే ప్రతి అడుగుకూ అయిన ఖర్చు ఒకటి పెరుగుతుంది, మిగిలిన ఖర్చు మీద అంచనా కూడా ఒకటి పెరుగుతుంది. గోడ చుట్టూ తిరగడం అనే తెలివైన పని ఇక్కడ ఎవరూ చేయలేదు. చౌకగా కనిపించిన గడులన్నీ అయిపోయి, తరువాతి ఖరీదుకు వెళ్లడం ఒక్కటే జరిగింది.

ఈ అల్గారిథమ్‌లు ఎప్పటివి?

చాలామంది అనుకునేదానికంటే పాతవి. ఎడ్వర్డ్ మూర్ చిట్టడవిలో అతి పొట్టి దారి కనుక్కునే పద్ధతిని 1959లో ప్రచురించారు. దాన్నే ఇవాళ వెడల్పు వారీ వెతుకులాట లేదా బీఎఫ్‌ఎస్ అంటున్నాం. ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1956లో ఊహించిన అల్గారిథమ్ కూడా 1959లోనే అచ్చయింది; అది అంచనా ఏమీ లేకుండా, అప్పటివరకు అయిన ఖర్చు తక్కువైన గడినే ముందు చూస్తుంది. స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో షేకీ అనే రోబో మీద పనిచేస్తూ పీటర్ హార్ట్, నిల్స్ నిల్సన్, బెర్ట్రామ్ రాఫెల్ 1968లో ఏ స్టార్‌ను ప్రచురించారు.

అడ్డంకుల కోణంలో చూస్తే నాకు వీటన్నిటికంటే ఆసక్తికరంగా తోచేది 1961 నాటి లీ అల్గారిథమ్. సర్క్యూట్ బోర్డు మీద తీగల దారులు నిర్ణయించడానికి సి.వై. లీ ఈ గడుల పద్ధతినే వాడారు. అక్కడ ఒక తీగ వేయగానే అదే తరువాతి తీగకు అడ్డంకి అవుతుంది. ఒక్కో తీగకు అతి పొట్టి దారి ఎంచుకుంటూ పోతే చివరి తీగకు అసలు దారే లేకుండా పోవచ్చు. ఏ తీగ ముందు, ఏది తరువాత అన్న ప్రశ్న ఆ రంగాన్ని నేటికీ వదల్లేదు.

గోడ గడికి చాలా పెద్ద ఖర్చు ఇస్తే సరిపోదా? వేరే నియమం ఎందుకు?

చాలామంది మొదట ఇలాగే చేస్తారు, కొన్నాళ్లు అంతా బాగానే పనిచేస్తుంది కూడా. ఇబ్బంది రెండు రకాలుగా వస్తుంది.

గమ్యం నాలుగువైపులా మూసుకుపోయి ఉన్నప్పుడు "దారి లేదు" అనే జవాబు రావాలి. గోడ ఖర్చు పది లక్షలైనా అది సంఖ్యే కాబట్టి, అల్గారిథమ్ దానిని చెల్లించి గోడలోంచే దారి గీసి ఇస్తుంది. అడిగిన లెక్కకు అది సరైన జవాబే; మనం అడిగిన తీరు తప్పు.

రెండోది ఇంకా మోసకారి. ఖర్చును 32 బిట్ల పూర్ణసంఖ్యగా దాచి, అందులో పట్టే అతి పెద్ద విలువ 2,147,483,647 ను గోడకు ఇచ్చారనుకుందాం. దానికి ఇంకొక అడుగు ఖర్చు కలపగానే చాలా భాషల్లో ఆ సంఖ్య పొంగిపొర్లి రుణసంఖ్యగా మారుతుంది. అప్పుడు పటం మొత్తంలో అతి చౌకైన దారి గోడలోంచే వెళ్లేది అవుతుంది. దశాంశ సంఖ్యల్లో ఉండే అనంతం విలువ వాడితే ఈ ప్రమాదం లేదు: అనంతానికి ఏది కలిపినా అనంతమే, అనంతం అనంతం కంటే తక్కువ కాదు కనుక ఆ గడికి విలువ మెరుగుపడడం అనేది ఎప్పటికీ జరగదు. అయినా పొరుగు జాబితాలోంచే తీసివేయడం శుభ్రమైన పద్ధతి.

గోడను పగలగొట్టుకుని వెళ్లే వీలున్న ఆటల్లో మాత్రం గోడకు ఖర్చు ఇవ్వడమే సరైన పని. అక్కడ అది అడ్డంకి కాదు, ఆలస్యం.

బురద, ఇసుక, నీళ్ల వంటి కష్టమైన నేలను ఎలా లెక్కించాలి?

ఆ గడిలోకి అడుగుపెట్టే ఖర్చు పెంచితే చాలు. బీఎఫ్‌ఎస్ ఖర్చులను పట్టించుకోదు కాబట్టి డైక్‌స్ట్రా గానీ ఏ స్టార్ గానీ వాడాలి. ఏ స్టార్ వాడేటప్పుడు అంచనాను పటంలో ఉన్న అతి తక్కువ అడుగు ఖర్చుతో లెక్కించాలి. మామూలు నేల 1 అయి, ఎక్కడో ఒక రహదారి గడి 0.5 ఉంటే అంచనా కూడా 0.5 చొప్పునే వేయాలి. లేకపోతే చౌకైన రహదారి ఉన్నా అల్గారిథమ్ దాన్ని గుర్తించకుండా ముగించవచ్చు.

అంచనాలో అడ్డంకులను లెక్కలోకి తీసుకోకపోవడం తప్పు కాదా?

తప్పు కాదు, అదే దాని భద్రత. అంచనా నిజమైన ఖర్చును మించనంత వరకు ఏ స్టార్ అతి పొట్టి దారినే ఇస్తుంది. గోడలు దారిని పొడిగించగలవే గానీ తగ్గించలేవు. కాబట్టి గోడలు లేవనుకుని వేసిన అంచనా ఎన్ని గోడలు కట్టినా మించదు. ఒక చోట మాయమై మరో చోట తేలే ద్వారాలు పటంలో ఉంటే మాత్రం ఈ వాదన చెల్లదు.

అంచనా కదలిక నియమానికి సరిపోవాలి. నాలుగు దిక్కుల కదలికకు అడ్డు దూరం, నిలువు దూరం కలిపిన మన్‌హటన్ దూరం సరైనది. ఎనిమిది దిక్కుల కదలికలో అదే వాడితే, ఐమూలగా వేసే ఒక్క అడుగు నిజంగా 1.414 అయితే అంచనా 2 అంటుంది, హద్దు మించింది. అక్కడ వాడవలసింది ఆక్టైల్ దూరం: అడ్డు, నిలువు దూరాల్లో పెద్దదానికి, చిన్నదాన్ని 0.414 తో హెచ్చించి కలపాలి. దశాంశాలు వద్దనుకునేవారు నేరు అడుగుకు 10, ఐమూల అడుగుకు 14 వాడతారు. అప్పుడు అంచనాలోనూ ఆ 10, 14 లే ఉండాలి, ఒకచోట 14, మరోచోట 14.142 అని కలగాపులగం చేయకూడదు.

గోడలు ఎక్కువగా ఉన్న పటంలో ఈ అంచనా నిజానికి చాలా దూరంగా ఉంటుందన్నది వాస్తవమే. దానికి మందు ముందస్తు లెక్క. పటంలో కొన్ని గుర్తు గడులు ఎంచుకుని, వాటి నుంచి ప్రతి గడికీ గోడలతో సహా నిజమైన దూరం ఒకసారి లెక్కించి దాచుకుంటే, త్రిభుజ అసమానత (రెండు చోట్ల మధ్య దూరం, మూడో చోటి మీదుగా వెళ్లే దూరాన్ని మించదన్న నియమం) సాయంతో మెరుగైన అంచనా వస్తుంది. ఇందులో ఒక చక్కని గుణం ఉంది: తరువాత కొత్త గోడలు కట్టినా పాత అంచనా చెల్లుతుంది, ఎందుకంటే దూరాలు పెరిగాయే గానీ తగ్గలేదు. గోడ కూల్చితే మాత్రం లెక్క మళ్లీ వేయాల్సిందే.

రెండు గోడలు మూలమూల కలిసిన చోట దారి వాటి మధ్యలోంచి దూరిపోతోంది. ఎందుకు?

ఎనిమిది దిక్కుల కదలికను అనుమతించి, ఐమూల అడుగుకు వేరే నియమం పెట్టకపోవడం వల్ల. కుడి గడీ గోడే, పై గడీ గోడే, కానీ కుడి-పై మూలలో ఉన్న గడి ఖాళీ. అడుగు పెట్టబోయే గడి ఖాళీయా అని మాత్రమే చూసే ప్రోగ్రామ్ ఆ అడుగుకు అనుమతి ఇచ్చేస్తుంది. గణితంలో బిందువుకు వెడల్పు లేదు కనుక ఫరవాలేదు. వెడల్పున్న ఏ వస్తువూ అలా వెళ్లలేదు.

ఇక్కడ ఎంచుకోవడానికి మూడు నియమాలున్నాయి. ఏమీ అడ్డుకోకపోవడం ఒకటి. పక్క గడులు రెండూ గోడలైతేనే అడ్డుకోవడం రెండోది. ఇందులో ఒక గోడ మూలను రాసుకుంటూ వెళ్లడం సాధ్యమే. పక్క గడుల్లో ఏ ఒక్కటి గోడైనా అడ్డుకోవడం మూడోది. బొమ్మ గోడ మూలలోకి చొచ్చుకుపోయినట్టు తెరమీద కనిపించకూడదంటే మూడోదే మార్గం, అనుమానం ఉన్నవారు దానితోనే మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం.

మూడో నియమంలో పెద్దగా ఎవరూ చెప్పని సౌలభ్యం ఒకటుంది. ఐమూల అడుగు వేయాలంటే రెండు పక్క గడులూ ఖాళీగా ఉండాలి కాబట్టి, ఆ అడుగుతో చేరే చోటికి రెండు నేరు అడుగులతోనూ చేరవచ్చు. అంటే ఏ గడి నుంచి ఏ గడికి చేరగలం అన్న ప్రశ్నకు జవాబు నాలుగు దిక్కుల కదలికలో ఎంతో ఇక్కడా అంతే. మారేది దారి పొడవు మాత్రమే. మొదటి నియమంలో అలా కాదు. ఐమూలగా పేర్చిన గోడ కంటికి గోడలా కనిపిస్తూనే జల్లెడలా పనిచేస్తుంది. పటాలు గీసే వారికి ఈ సంగతి ముందే చెప్పి ఉంచాలి.

యు ఆకారపు గోడలో అల్గారిథమ్ ఇరుక్కుపోతుందా?

ఏ అల్గారిథమ్ అన్నదాన్ని బట్టి ఉంటుంది. ప్రతి అడుగులోనూ గమ్యానికి దగ్గరయ్యే పొరుగు గడికే వెళ్లే పద్ధతి ఆ సంచిలోకి దిగి, అడుగున చేరి, అక్కడే కదలలేక నిలిచిపోతుంది. ఏ స్టార్, డైక్‌స్ట్రా, బీఎఫ్‌ఎస్ ఇరుక్కోవు, ఎందుకంటే చూడకుండా వదిలిన గడులన్నీ వరుసలో వేచి ఉంటాయి. కానీ ఏ స్టార్ ఆ సంచిని ముందు నింపుతుంది. గమ్యం వైపు నోరు కాక వీపు పెట్టిన సంచి ఎంత లోతుగా ఉంటే అంత పని వృథా. గిన్నెలో నీళ్లు పోస్తే అంచు దాకా నిండాకే బయటికి పొర్లినట్టు, సంచిలోని గడులన్నీ అయ్యాకే వెతుకులాట వెలుపలికి వస్తుంది.

రెండు చివరల నుంచీ ఒకేసారి వెతకడం కొన్నిసార్లు సాయపడుతుంది. బయలుదేరే చోటు సంచిలో ఉండి గమ్యం వైపు మైదానం ఉంటే లాభం అంతంతే. గమ్యం చిన్న గదిలో మూసుకుపోయి ఉంటే గమ్యం వైపు వెతుకులాట కొద్ది గడులకే ముగిసి, దారి లేదని వెంటనే తేలిపోతుంది.

పటం మొత్తం తెలియని రోబోల కథ వేరు. వ్లదీమిర్ లుమెల్‌స్కీ, అలెగ్జాండర్ స్టెపనోవ్ 1987లో వివరించిన బగ్ అల్గారిథమ్‌లు గోడ తగలగానే దాన్ని అంటిపెట్టుకుని నడుస్తూ, సరైన చోట వదిలి గమ్యం వైపు తిరుగుతాయి. దారి పొట్టిది కాకపోవచ్చు, కానీ దారి ఉంటే తప్పక చేరతాయని నిరూపణ ఉంది. స్పర్శ తప్ప వేరే ఇంద్రియం లేని యంత్రానికి అది తక్కువ సంగతి కాదు.

దారే లేనప్పుడు ప్రోగ్రామ్ ఎందుకు అంత నెమ్మదిస్తుంది?

దారి లేదని నిరూపించాలంటే చేరగలిగిన ప్రతి గడినీ చూసి తీరాలి. పటం 1,000 అడ్డు వరుసలు, 1,000 నిలువు వరుసలు అయితే పది లక్షల గడులు. దారి ఉన్నప్పుడు కొన్ని వందల గడులతో ముగిసే పని, లేనప్పుడు లక్షలకు వెళుతుంది.

పటాన్ని ఒకసారి నింపుకుంటూ పోయి, ఒకదానితో ఒకటి కలిసి ఉన్న గడులకు ఒకే ప్రాంత సంఖ్య ఇచ్చి పెట్టుకుంటే ఈ బాధ పోతుంది. రెండు చోట్ల ప్రాంత సంఖ్యలు వేరైతే వెతకనవసరం లేదు. గడికి నాలుగు బైట్ల చొప్పున పది లక్షల గడులకు నలభై లక్షల బైట్లు, ఇవాళ్టి యంత్రాలకు అది లెక్కలోనిది కాదు. గోడ కూలితే రెండు ప్రాంతాలు కలుస్తాయి. యూనియన్-ఫైండ్ అనే నిర్మాణంతో అది తేలిక. కొత్త గోడ లేస్తే ఒక ప్రాంతం రెండుగా చీలవచ్చు. ఆ నిర్మాణానికి చీల్చడం చేతకాదు కనుక ఆ ప్రాంతాన్ని మళ్లీ నింపి చూడాలి.

గమ్యంగా ఎంచుకున్న గడే గోడ అయితే?

దగ్గరలోని ఖాళీ గడిని గమ్యంగా మార్చడం వాడుక. దగ్గర అన్న మాటను సరళరేఖ దూరంతో కొలిస్తే, గోడకు అవతలి వైపున్న గడి ఎంపికై, పక్కనే నిలబడ్డ బొమ్మ గోడంతా చుట్టి రావడానికి బయలుదేరుతుంది. బయలుదేరే చోటు ఉన్న ప్రాంతంలోనే దగ్గరి గడిని ఎంచాలి. ఒకే దూరంలో రెండు మూడు ఉంటే బయలుదేరే చోటికి దారి తక్కువైనదాన్ని ఎంచాలి.

కదిలే వస్తువు ఒక గడి కంటే పెద్దదైతే అడ్డంకులను ఎలా చూడాలి?

వస్తువును కుదించి బిందువు చేసి, ఆ మేరకు గోడలను ఉబ్బించాలి. రోబోటిక్స్‌లో ఇది స్థిరపడిన పద్ధతి. గుండ్రటి రోబో అయితే ప్రతి ఖాళీ గడి నుంచి దగ్గరి గోడకు ఎంత దూరమో ముందే లెక్కించి, రోబో వ్యాసార్థం కంటే తక్కువ ఉన్న గడులన్నిటినీ గోడలుగా భావిస్తే సరిపోతుంది. అటుపైన వెతికే భాగం మారనక్కరలేదు; అది ఎప్పటిలాగే ఒక బిందువుకే దారి వెతుకుతుంది.

రకరకాల పరిమాణాల వస్తువులు ఒకే పటంలో తిరిగితే ఒక్కోదానికీ ఒక్కో ఉబ్బించిన పటం దాచడం భారం. అప్పుడు ప్రతి గడికీ ఖాళీతనం అనే సంఖ్య ఒకటి రాసుకుంటారు: ఆ గడి ఎడమ-పై మూలగా ఉండేలా ఎంత పెద్ద ఖాళీ చతురస్రం పడుతుంది అన్నది. గోడ గడికి 0. ఖాళీ గడికి కుడి, కింద, కుడి-కింద గడుల సంఖ్యల్లో చిన్నదానికి ఒకటి కలిపితే వస్తుంది. పటం వెలుపలి గడులను సున్నాగా తీసుకోవాలి. పటాన్ని కుడి-కింది మూల నుంచి వెనక్కి ఒక్కసారి చదివితే లెక్క పూర్తవుతుంది. రెండు గడుల వెడల్పున్న వస్తువు ఈ సంఖ్య 2 గానీ అంతకు మించి గానీ ఉన్న గడుల్లోకే వెళుతుంది. ఇంత చిన్న సూత్రంతో ఇంత పని జరగడం నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది.

దారి ఎప్పుడూ గోడను రాసుకుంటూ వెళుతోంది. కొంచెం దూరంగా నడిపించవచ్చా?

అతి పొట్టి దారి గోడ మూలలను తాకుతూ వెళ్లడం దాని స్వభావం. అది దోషం కాదు. దూరంగా నడిపించాలంటే పొట్టితనాన్ని కొంత వదులుకుని, గోడకు దగ్గరైన గడులకు ఎక్కువ ఖర్చు పెట్టాలి. రోబోల కోసం వాడే సాఫ్ట్‌వేర్ అయిన రోబోట్ ఆపరేటింగ్ సిస్టమ్‌లోని ఖర్చుల పటం ఇదే చేస్తుంది. అందులో ఖాళీ గడికి 0, అడ్డంకి ఉన్న గడికి 254, రోబో కేంద్రం అక్కడికి వస్తే తప్పక ఢీకొనే గడికి 253, ఏముందో తెలియని గడికి 255 అని విలువలు నిర్ణయించి, మధ్యలోని విలువలు గోడ నుంచి దూరమయ్యేకొద్దీ తగ్గుతూ పోయేలా వేస్తారు. ఈ ఖర్చు మరీ పెంచితే ఇరుకైన తలుపులోంచి వెళ్లవలసిన రోబో ఇల్లంతా చుట్టి వస్తుంది. ఎంత పెంచాలన్నది పటం మీద పరీక్షించి తేల్చుకోవలసిందే.

దారి మెట్లు మెట్లుగా, వంకరగా వస్తోంది. అడ్డంకులు లేని చోట కూడా ఇలా ఎందుకు?

గడుల మీద దిక్కులు నాలుగో ఎనిమిదో కాబట్టి. ఎనిమిది దిక్కుల్లో అతి పొట్టి దారి, మైదానంలో నిజమైన సరళరేఖ కంటే సుమారు 8 శాతం వరకు పొడవు ఉండవచ్చు. నాలుగు దిక్కుల్లో అది 41 శాతం దాకా వెళుతుంది. దారి దొరికాక, ఒకదానికొకటి నేరుగా కనిపించే గడుల మధ్య ఉన్న మలుపులను తీసివేయడం తేలికైన మందు. 2007లో వచ్చిన థీటా స్టార్ ఆ చూపు పరీక్షను వెతుకుతున్నప్పుడే చేస్తుంది కనుక మెరుగైన దారులు ఇస్తుంది, అయితే అన్నివేళలా అతి పొట్టి దారి ఇస్తుందన్న హామీ దానికి లేదు.

ఈ చూపు పరీక్షలో ఒక మెలిక ఉంది. రేఖ గీయడానికి బ్రెసెన్‌హామ్ పద్ధతి వాడితే, అది తెరమీద చుక్కలు పెట్టడానికి పుట్టింది కాబట్టి, రేఖ కొద్దిగా తాకి వెళ్లే గడులను వదిలేస్తుంది. ఆ వదిలిన గడి గోడ అయితే దారి దాని మూలను కోసుకుంటూ వెళుతుంది. రేఖ తాకే ప్రతి గడినీ పరీక్షించే పద్ధతి వాడాలి.

జంప్ పాయింట్ సెర్చ్ అడ్డంకులను వేరే తీరులో చూస్తుందా?

అవును, అడ్డంకులనే ఆధారంగా చేసుకున్న పద్ధతి అది. డేనియల్ హారబోర్, ఆల్బన్ గ్రాస్టియన్ 2011లో దీన్ని ప్రచురించారు. ఖర్చు అంతటా ఒకటే అయిన పటంలో మైదానం మీద ఒకే పొడవున్న దారులు లెక్కలేనన్ని ఉంటాయి. ఏ స్టార్ వాటన్నిటినీ తడుముతుంది. ఈ పద్ధతి ఒకే దిక్కులో దూకుతూ పోయి, గోడ కారణంగా కొత్త మలుపు తప్పనిసరి అయ్యే గడి దగ్గర మాత్రమే ఆగుతుంది. అలాంటి చోటులు గోడ మూలల దగ్గరే ఉంటాయి. మలుపు ఎప్పుడు తప్పనిసరి అన్నది పైన చెప్పిన ఐమూల నియమాన్ని బట్టి మారుతుంది, కాబట్టి ఒక నియమానికి రాసిన ప్రోగ్రామ్‌ను మరో నియమానికి అలాగే వాడితే కొన్ని దారులు కనబడకుండా పోతాయి. నేల ఖర్చులు రకరకాలుగా ఉన్న పటానికి మూల పద్ధతి పనికిరాదు.

నడుస్తుండగా కొత్త అడ్డంకి ఎదురైతే మొదటి నుంచి వెతకాలా?

పటం చిన్నదైతే మొదటి నుంచి వెతకడమే మేలు. కొన్ని వేల గడుల పటంలో తిరిగి వెతకడానికి పట్టే సమయం మనిషి గమనించేది కాదు, పైగా ప్రోగ్రామ్ సరళంగా ఉంటుంది.

పెద్ద పటంలో, తరచుగా మారే చోట, పాత లెక్కను సరిదిద్దుకునే అల్గారిథమ్‌లు ఉన్నాయి. ఆంథొనీ స్టెంజ్ 1994లో డీ స్టార్‌ను ప్రచురించారు. స్వెన్ కోనిగ్, మాక్సిమ్ లిఖచెవ్ 2002లో ప్రచురించిన డీ స్టార్ లైట్ అర్థం చేసుకోవడానికి తేలిక. ఇవి గమ్యం నుంచి వెనక్కి వెతుకుతాయి. రోబో కదులుతుంటే బయలుదేరే చోటు మారుతుంది, గమ్యం మారదు. గమ్యం నుంచి కొలిచిన దూరాలు రోబో ఎక్కడున్నా చెల్లుతాయి. కొత్త గోడ వల్ల ఏ గడుల దూరాలు మారాయో వాటిలోనూ దారికి అవసరమైన వాటినే సరిచేస్తాయి. ఇంకా చూడని గడులను ఖాళీగానే భావించి బయలుదేరడం, గోడ కనిపించాక మార్చుకోవడం వీటి అలవాటు.

కదిలే అడ్డంకులను కూడా ఇలాగే చూడవచ్చా?

చూడవచ్చు, కానీ ఫలితం బాగుండదు. ఎదురుగా వస్తున్న మరో బొమ్మను గోడ అనుకుని చుట్టుదారి పట్టేసరికి అది అక్కడి నుంచి వెళ్లిపోయి ఉంటుంది. కాలాన్ని మూడో కొలతగా చేర్చడం సరైన పద్ధతి: ఫలానా గడి అని కాక, ఫలానా గడి ఫలానా క్షణంలో అని ప్రతి స్థితినీ గుర్తించాలి. అప్పుడు ఉన్నచోటే ఒక క్షణం ఆగడం కూడా ఒక అడుగు అవుతుంది. డేవిడ్ సిల్వర్ 2005లో వివరించిన సహకార వెతుకులాటలో ఒకరు దారి ఖాయం చేసుకోగానే ఆ గడులు ఆయా క్షణాలకు వారి పేరున నమోదవుతాయి, తరువాతి వారికి అవే అడ్డంకులు. గడులను మాత్రమే నమోదు చేస్తే ఎదురెదురుగా ఉన్న ఇద్దరు ఒకే క్షణంలో గడులు మార్చుకుని ఒకరిలోంచి ఒకరు వెళ్లిపోతారు. అందువల్ల అంచులనూ, అంటే ఏ గడి నుంచి ఏ గడికి కదులుతున్నారన్నదీ నమోదు చేయాలి. అరవై ఏళ్ల కిందటి తీగల వరుస సమస్య ఇక్కడ మళ్లీ తలెత్తుతుంది: ముందు నమోదైన వారి దారి వెనకవారిని పూర్తిగా మూసివేయవచ్చు.

పటం అంచులు దాటకుండా ప్రతిసారీ పరీక్షించడం తప్పదా?

పటం చుట్టూ ఒక వరుస గోడ గడులు కలిపితే తప్పించుకోవచ్చు. 1,000 వరుసల చదరపు పటానికి అదనంగా అయ్యేది 4,004 గడులే.

అడ్డంకుల విషయంలో ప్రోగ్రామ్ సరిగ్గా ఉందని ఎలా పరీక్షించాలి?

అంచనా లేని డైక్‌స్ట్రాను వీలైనంత సరళంగా రాసి పెట్టుకుని, యాదృచ్ఛికంగా గోడలు చల్లిన వేల పటాల మీద రెండింటి ఫలితాలనూ పోల్చాలి. దారులు వేరుగా ఉండవచ్చు, ఎందుకంటే ఒకే ఖర్చున్న దారులు అనేకం ఉంటాయి. ఖర్చులు మాత్రం సరిగ్గా ఒకటి కావాలి. దానితో పాటు, వచ్చిన దారిలోని ప్రతి అడుగునూ కదలిక నియమంతో విడిగా సరిచూసే చిన్న భాగం ఒకటి ఉండాలి. ఆ భాగాన్ని పొరుగు జాబితా తయారుచేసే పంక్తుల నుంచి అరువు తెచ్చుకోకుండా కొత్తగా రాయాలి, లేకపోతే అక్కడి తప్పు ఇక్కడా ఒప్పుగానే కనిపిస్తుంది.

గోడలు ఎంత దట్టంగా చల్లాలన్నది కూడా ఆలోచించాలి. నాలుగు దిక్కుల కదలికలో ఖాళీ గడుల వాటా సుమారు 59.3 శాతం కంటే తగ్గితే పెద్ద పటం విడివిడి ముక్కలైపోతుంది, అంటే గోడలు 41 శాతం దాటాక దాదాపు ప్రతి పరీక్షకూ దారి లేదనే జవాబే వస్తుంది. పది శాతం గోడలున్న పటాల్లో దారులన్నీ దాదాపు నేరుగా సాగి, తప్పులు బయటపడవు. 35 నుంచి 40 శాతం మధ్య పటాలు చిట్టడవుల్లా మారి, సంచులు, ఇరుకు సందులు, మూలమూల కలిసిన గోడలు అడుగడుగునా తగులుతాయి. పరీక్షల్లో ఎక్కువ భాగం అక్కడ ఉండేలా చూసుకోవాలి. ఐమూలగా దూరడాన్ని పూర్తిగా అనుమతించే నియమంలో ఈ హద్దు మారి, గోడలు సుమారు 59 శాతం చేరేదాకా పటం కలిసే ఉంటుంది.